చచ్చిన తోడేలు ఎందుకు కరుస్తోంది?

(పర్లాకిమిడిలో కాలేజీ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం. పైథాన్‌లో క్లాసులతో రాసిన వంతులవారీ పోరు ప్రోగ్రాములో తప్పులు పట్టుకోవడం గురించి. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కాశీనగరం నుంచీ, గుణుపురం నుంచీ పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లున్నారు, సంతోషం. వెనక బెంచీలవాళ్లకి బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి వచ్చేయండి, ఇవాళ బోర్డుతోనే పని.

బోర్డు మీద ఉన్న ప్రోగ్రాము మీలో చాలామంది ఏదో ఒక రూపంలో రాసే ఉంటారు. ‘జంతువు’ అని ఒక క్లాసు, అంటే జంతువులను పుట్టించే అచ్చు. దానికి పేరు, ప్రాణం, దెబ్బ, కాపు (తగిలే దెబ్బను తగ్గించే అంకె), వేగం. దాని కింద పులి, ఎలుగు, తోడేలు, పంది అని నాలుగు సబ్‌క్లాసులు. ‘పోరు’ అని ఇంకో క్లాసు, అందులో ‘బరి’ అనే లిస్టు. బరిలో ఉన్న జంతువులు వేగాన్ని బట్టి వంతుల వారీగా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. చివరికి మిగిలినది గెలిచినట్టు. బరంపురం ఠాకురాణి జాతరలో పులివేషం చూసినవాళ్లం కదా, అందుకని పులినే ముందు పెట్టాను.

పేర్లన్నీ తెలుగు లిపిలో రాశాను, గమనించారా? పైథాన్ 3 లో వేరియబుల్ పేర్లు, క్లాసు పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, ప్రోగ్రాము నడుస్తుంది. ఇఫ్, ఫర్, క్లాస్ లాంటి కీవర్డులు మాత్రం అలాగే ఉంటాయి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, వాడుక మాట కోసం ఆయన కొట్లాడిన ఊళ్లో, ప్రాణాన్ని ప్రాణం అని రాసుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. దీనితో ఒక చిక్కు కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక రోగం. ప్రోగ్రాము నడిపితే ఏడో రౌండులో ఇలా ముద్రిస్తోంది: తోడేలు, ప్రాణం 0. ఎనిమిదో రౌండులో: తోడేలు పులిని కొట్టింది, దెబ్బ 9. చచ్చిన తోడేలు కరిచింది. ఎర్రర్ లేదు, అది ఏ లైనులో వచ్చిందో చూపే ట్రేస్‌బ్యాక్ లేదు. ప్రోగ్రాము తన పాటికి తాను ముగిసి గెలుపు కూడా ప్రకటించింది.

ఇలాంటప్పుడు అందరూ చేసే మొదటి పని, ఎనిమిదో రౌండులో కొట్టే మెథడ్ తెరిచి ‘ప్రాణం సున్నా అయితే కొట్టకు’ అని ఒక ఇఫ్ పెట్టడం. దయచేసి అది చేయకండి. కరవడం కనిపించింది ఎనిమిదిలో, తప్పు జరిగింది అంతకు ముందెప్పుడో. ఆ ఇఫ్ పెడితే కరవడం ఆగుతుంది, తోడేలు మాత్రం బరిలోనే ఉంటుంది. మిగతావాళ్లు దాన్నే ఎంచుకుని కొడుతూ తమ వంతులు పాడుచేసుకుంటారు. గెలుపోటముల లెక్క మొత్తం తేడా వస్తుంది, అది కంటికి కనిపించదు. మనం వెతకాల్సింది పరిస్థితి మొట్టమొదట ఎక్కడ చెడింది అన్నది. ఇవాళ్టి మాట అంతా దాని గురించే.

దానికి ముందు, ప్రోగ్రాము ప్రతిసారీ ఒకేలా నడవాలి. పాచిక, అంటే పైథాన్ రాండమ్ మాడ్యూల్ ఇచ్చే యాదృచ్ఛిక సంఖ్య, ప్రతిసారీ కొత్తగా పడుతుంటే, ఇప్పుడు ఏడో రౌండులో చచ్చిన తోడేలు మళ్లీ నడిపితే మూడులో చస్తుంది, దేన్ని వెతుకుతాం? రాండమ్ మాడ్యూల్‌కి సీడ్ ఇవ్వండి, అంటే పాచికల వరస ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంఖ్య. ఏ సంఖ్య అయినా పరవాలేదు. 1936 పెట్టండి, ఈ ఊరు ఒడిశాలోకి వచ్చిన ఏడాది, గుర్తుంటుంది. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, పోరు క్లాసు తన సొంత పాచికను పెట్టుకోవడం. అంటే రాండమ్ మాడ్యూల్లో ఉన్న పెద్ద ఆర్ రాండమ్ క్లాసుతో, 1936 ఇచ్చి, ఒక ఆబ్జెక్టు చేసి సెల్ఫ్ డాట్ పాచిక అని దాచుకోవాలి. ఎందుకంటే మాడ్యూల్ మొత్తానికి ఉన్న పాచిక ఒక్కటే. ఇంకో ఫైల్లో ఎవరో ఒక్కసారి రాండింట్ పిలిచినా మీ వరస అంతా ఒక అడుగు జరిగిపోతుంది.

సీడ్ పెట్టినా ఫలితం మారుతోందా? అయితే మీ ప్రోగ్రాములో ఎక్కడో సెట్ (వరసకి హామీ లేని గుంపు) ఉంది, దాని మీద ఫర్ లూప్ తిరుగుతోంది. చాలా చోట్ల ఇదే. పైథాన్ 3.3 నుంచీ స్ట్రింగుల హ్యాష్ విలువ (సెట్‌లో దేని చోటు ఎక్కడో తేల్చే సంఖ్య) ప్రోగ్రాము నడిపిన ప్రతిసారీ మారుతుంది, కావాలనే అలా పెట్టారు. కాబట్టి పేర్ల సెట్ మీద తిరిగితే వరస రోజుకొకలా వస్తుంది. డిక్షనరీకి ఈ బాధ లేదు, 3.7 నుంచీ వేసిన వరసలోనే తిరుగుతుందని భాషే హామీ ఇస్తోంది. వంతుల వరస కోసం సెట్ వాడకండి, లిస్టే వాడండి.

రెండో సన్నాహం. జంతువు క్లాసుకి రెప్ర్ మెథడ్ రాయండి. అది లేకపోతే ప్రింట్ చేసినప్పుడు జంతువు ఆబ్జెక్ట్ ఎట్ ఫలానా అడ్రసు అని వస్తుంది, దాన్ని చూసి ఏం తెలుసుకుంటాం? పేరు, వరస సంఖ్య, ప్రాణం, విషం (వంతు వంతుకీ ప్రాణం తగ్గించేది) ఎన్ని వంతులు మిగిలింది, ఇవి నాలుగూ రావాలి. వరస సంఖ్య ఎందుకంటే బరిలో మూడు తోడేళ్లు ఉంటే ఏది ఏదో తెలియాలి. ప్రతి వంతు చివర బరి మొత్తాన్ని ఒక్క లైనులో ఫైలుకి రాయించండి, అదే లాగ్. అంకె చూపేటప్పుడు కుదించవద్దు, దశాంశాలన్నీ రానివ్వండి. కారణం ఇప్పుడే చెబుతాను.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. ట్రై, ఎక్సెప్ట్, పాస్ అని ఎక్కడైనా రాసి ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఎర్రర్ వచ్చినా నోరు నొక్కేసే లైను అది. అది ఉన్నంతవరకు మిగతా వెతుకులాట అంతా చీకట్లోనే.

ఇక అనుమానితులు. చచ్చిన తోడేలు కరవడానికి నాకు తెలిసి అరడజను కారణాలున్నాయి, లక్షణం ఒక్కటే. వేటి ఆనవాలు ఏమిటో చూద్దాం.

అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ఇది. బరి మీద ఫర్ లూప్ తిరుగుతూ, ప్రాణం సున్నా అయినదాన్ని అదే లూపులో బరి నుంచి రిమూవ్ చేయడం. బోర్డు చూడండి: పులి, ఎలుగు, తోడేలు, పంది. స్థానాలు 0, 1, 2, 3. ఒకే దెబ్బకి ఎలుగూ తోడేలూ రెండూ చచ్చాయి అనుకోండి. లూపు 0 దగ్గర పులిని చూసింది, బతికే ఉంది. 1 దగ్గర ఎలుగు, చచ్చింది, తీసేసింది. తీసేయగానే వెనకవన్నీ ఒక్కో అడుగు ముందుకి జరిగాయి. తోడేలు 1 లోకి వచ్చింది, పంది 2 లోకి వచ్చింది. లూపు మాత్రం తన లెక్కలో 2 కి వెళ్లింది. అక్కడ పంది ఉంది. తోడేలును ఎవరూ చూడలేదు. అది సున్నా ప్రాణంతో బరిలో మిగిలిపోయింది.

డిక్షనరీతో ఇలా చేస్తే లూపు మధ్యలో సైజు మారిందని పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. లిస్టుతో ఏమీ అనదు. దీని ఆనవాలు: పక్కపక్కన ఉన్న రెండు ఒకేసారి చచ్చినప్పుడే, అదీ రెండోదే మిగులుతుంది. ఒక్కొక్కటిగా చస్తే అంతా బాగానే నడుస్తుంది. అందుకే వారం రోజులు బాగా నడిచిన ప్రోగ్రాము, గుంపు మొత్తానికి తగిలే దెబ్బ ఒకటి కొత్తగా చేర్చగానే చెడిపోతుంది. తప్పు కొత్త దెబ్బలో ఉందని అందరూ అనుకుంటారు. అది పాత లూపులో ఉంది.

సరిచేయడం తేలిక: రౌండు చివర, బతికున్నవాటితో కొత్త లిస్టు కట్టడం. కాని ఇక్కడ రెండో గుంట ఉంది, జాగ్రత్తగా వినండి. సెల్ఫ్ డాట్ బరి ఈక్వల్స్ కొత్త లిస్టు అని రాస్తే, పోరు దగ్గర ఉన్న పేరు మాత్రమే కొత్త లిస్టుకి తగులుకుంటుంది. శత్రువును ఎంచుకునే క్లాసు ఇంకొకటి ఉండి, మొదట్లో అదే బరిని మీరు దానికి అందించి ఉంటే, దాని చేతిలో ఇంకా పాత లిస్టే ఉంది. అందులో తోడేలు ఉంది. అంటే ఒక జబ్బు తగ్గించి అదే లక్షణంతో ఇంకోటి తెచ్చుకున్నాం. దీనికి మందు, స్లైస్‌కి కేటాయించడం: బరి, చదరపు బ్రాకెట్లలో ఒక కోలన్, ఈక్వల్స్, కొత్త లిస్టు. అప్పుడు లిస్టు అదే, లోపలి సరుకు మారుతుంది, అందరికీ కనిపిస్తుంది. అనుమానం ఉంటే రెండు చోట్లా ఐడీ ఫంక్షనుతో అడగండి. రెండు అంకెలూ ఒకటి కాకపోతే రెండు లిస్టులున్నట్టే.

మూడోది వంతుల వరస. రౌండు మొదట్లో వేగాన్ని బట్టి సార్టెడ్ తో ఒక వరస కట్టారు. సార్టెడ్ కొత్త లిస్టు ఇస్తుంది. మధ్యలో పులి తోడేలును చంపింది, బరి నుంచి తీసేశారు కూడా, కాని ఈ వరసలో దాని వంతు అలాగే ఉంది. వంతు రాగానే కరుస్తుంది. దీని ఆనవాలు: చచ్చిన రౌండులోనే ఒక్కసారి కరుస్తుంది, తర్వాతి రౌండులో ఉండదు. మన లాగ్‌లో తోడేలు చచ్చింది ఏడులో, కరిచింది ఎనిమిదిలో కాబట్టి ఇది కాదు. చూశారా, రౌండు సంఖ్య ఒక్కటే ఎంత చెబుతోందో. మందు: వంతు మొదలయ్యే క్షణంలో బతికుందా అని అడగడం. విషం గనక వంతు మొదట్లో దిగేలా రాసి ఉంటే, విషం దిగిన తర్వాత మళ్లీ అడగాలి. విషానికి చచ్చి, అదే మెథడ్‌లో కింద లైనులో కొట్టే తోడేళ్లు చాలా ఉంటాయి.

నాలుగోది రెండు బ్రాకెట్ల కథ. ‘బతికుందా’ అనేది మెథడ్. ఇఫ్ తోడేలు డాట్ బతికుందా అని రాసి, చివర ఖాళీ బ్రాకెట్లు మరిచారు. అప్పుడు మనం మెథడ్‌ని పిలవడం లేదు, మెథడ్ ఉందా అని అడుగుతున్నాం. అది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ట్రూ. వైల్ లూపులో ఇలా రాస్తే పోరు ముగియదు. దీన్ని ప్రాపర్టీగా, అంటే బ్రాకెట్లు లేకుండా చదివేదిగా, మార్చేయండి, పైన ఒక ప్రాపర్టీ డెకరేటర్ (మెథడ్ పైన @ తో రాసే లైను) చాలు. మార్చాక ఎక్కడైనా పాత అలవాటుతో బ్రాకెట్లు ఉంటే, బూల్‌ని పిలవలేమని పైథాన్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది. అంటే మార్చాల్సిన చోట్లన్నీ అదే వరసగా చూపిస్తుంది. మౌనంగా చెడిపోయే తప్పును అరిచే తప్పుగా మార్చుకోవడం ఈ పనిలో పెద్ద లాభం.

ఐదోది దశాంశాలు. ప్రాణం 1.0 తో మొదలుపెట్టి, విషం వంతుకి 0.1 తీస్తోంది అనుకోండి. పది వంతుల తర్వాత సున్నా రావాలి కదా? ఇప్పుడే ఎవరైనా ల్యాప్‌టాప్‌లో చేసి చూడండి. 1.387 తో మొదలై చివర e-16 అని ఏదో వస్తుంది, అంటే దశాంశ బిందువు తర్వాత పదిహేను సున్నాలు, ఆ తర్వాత 138. 0.1 ని బైనరీలో ఖచ్చితంగా రాయలేకపోవడం వల్ల వచ్చిన తుంపు అది. సున్నా కంటే ఎక్కువ కాబట్టి తోడేలు బతికే ఉంది. ఒక దశాంశానికి కుదించి ముద్రిస్తే 0.0 అని చూపిస్తుంది. అంకె కుదించవద్దన్నది ఇందుకే. ప్రాణాన్ని పూర్ణాంకంగా ఉంచండి. భాగాలు కావాలంటే 1 కి బదులు 1000 తో మొదలుపెట్టండి. పూర్ణాంకం చేయడానికి రౌండ్ ఫంక్షను వాడితే ఒకటి తెలుసుకోవాలి: రౌండ్ 2.5 అంటే 2, రౌండ్ 3.5 అంటే 4. సరిగ్గా సగం ఉంటే దగ్గరలోని సరి సంఖ్యకి వెళ్తుంది. అది పైథాన్ తప్పు కాదు, నియమమే అది. మీ ఆట నియమం వేరైతే మీరే రాసుకోవాలి.

ఆరోది అరుదు, కాని దొరికితే రోజంతా తింటుంది. రెండు జంతువులు సమానమా అని చూసే ఈక్యూ మెథడ్‌ని పేరు ఒక్కటే చూసేలా రాయడం. లిస్టు రిమూవ్ తనకిచ్చిన ఆబ్జెక్టునే వెతికి తీయదు, దానికి సమానమైన మొదటిదాన్ని తీస్తుంది. మూడు తోడేళ్లలో మూడోది చచ్చింది, రిమూవ్ మొదటి తోడేలును తీసేసింది. బతికున్నది పోయింది, చచ్చింది మిగిలింది. డేటాక్లాస్ (కొన్ని మెథడ్లు తనే రాసిపెట్టే డెకరేటర్) వాడేవాళ్లు కూడా చూసుకోండి. అది ఈక్యూని తనే రాసేస్తుంది, అన్ని ఫీల్డులూ పోలుస్తుంది. ఒకే రకం తోడేళ్లు రెండు దింపి ‘నేను కానిది ఎవరు’ అని వెతికితే, మొదటి వంతులో రెండూ సమానమే కాబట్టి శత్రువులే లేరని ఖాళీ లిస్టు వస్తుంది. డెకరేటర్‌లో ఈక్యూ ఫాల్స్ అని ఇస్తే ఎవరికి వారే అవుతారు.

మన లాగ్ సంగతికి వద్దాం. ఏడో రౌండులో గుంపు దెబ్బ పడింది, ఎలుగూ తోడేలూ ఒకేసారి సున్నా అయ్యాయి, పక్కపక్క స్థానాలు. మొదటి అనుమానితుడే.

[సభలోంచి: సార్, మా ప్రోగ్రాములో దీనికి తిరగబడి ఉంది. పులికి విషం పెడితే అన్నిటికీ ఎక్కుతోంది.]

మంచి ప్రశ్న బాబూ. నీ విషాల లిస్టు క్లాసు కింద నేరుగా రాసి ఉంటుంది, ఇనిట్ (జంతువు పుట్టగానే నడిచే మెథడ్) లోపల కాదు. అవునా? అదే. క్లాసు కింద రాసిన ఖాళీ లిస్టు ఒక్కటే ఉంటుంది, అన్ని జంతువులూ దాన్నే చూస్తాయి. అపెండ్ చేస్తే ఆ ఒక్కదానిలోకే వెళ్తుంది. మరి ప్రాణం 100 అని కూడా అక్కడే రాశాం, అది ఎందుకు అందరికీ తగ్గడం లేదని అడగాలి. సెల్ఫ్ డాట్ ప్రాణం మైనస్ ఈక్వల్స్ 10 అన్నప్పుడు పైథాన్ క్లాసు నుంచి 100 చదివి, 90 లెక్కకట్టి, ఆ 90 ని ఈ జంతువు మీద కొత్తగా రాస్తుంది. క్లాసులో 100 అలాగే ఉంది. అంకెకి మార్పు లేదు, కొత్త అంకె పుట్టింది. లిస్టుకి అలా కాదు, ఉన్నచోటే మారుతుంది. ప్లస్ ఈక్వల్స్ తో కలిపితే ఇంకా మోసం: ఉమ్మడి లిస్టూ మారుతుంది, ఆ జంతువు మీద అదే లిస్టుకి సొంత పేరు కూడా వస్తుంది. చూడటానికి సొంతదిలాగే ఉంటుంది. ఇనిట్ లోపల సెల్ఫ్ డాట్ విషాలు ఈక్వల్స్ ఖాళీ లిస్టు, అంతే మందు. ఇనిట్ పారామీటర్‌కి డిఫాల్టుగా ఖాళీ లిస్టు ఇచ్చినా ఇదే జబ్బు, డిఫాల్టు ఒక్కసారే పుడుతుంది. అక్కడ నన్ ఇచ్చి, లోపల కొత్త లిస్టు చేయండి.

సబ్‌క్లాసులో సూపర్ ఇనిట్ పిలవడం మరిస్తే ప్రాణం అనే లక్షణం లేదని ఎర్రర్ వస్తుంది. దాని గురించి ఎక్కువ చెప్పను, ఎర్రరే చెబుతుంది.

చెప్పనిది ఇంకొకటి ఉంది. సెల్ఫ్ డాట్ ప్రాణం కి బదులు సెల్ఫ్ డాట్ ప్రణం అని ఒక దీర్ఘం మరిచి విలువ ఇస్తే, పైథాన్ ప్రణం అనే కొత్త లక్షణం పుట్టించి ఊరుకుంటుంది. తోడేలు ఎన్ని దెబ్బలు తిన్నా చావదు. క్లాసులో స్లాట్స్ ప్రకటిస్తే, ఆ జాబితాలో లేని పేరు ఒప్పుకోదు. తల్లి క్లాసూ పిల్ల క్లాసులూ అన్నిట్లో ప్రకటించాలి, ఒకదాన్లో మరిచినా తలుపు తెరిచినట్టే.

కాపు లెక్క కూడా చూడండి. దెబ్బ 8, కాపు 12. తీసివేస్తే మైనస్ 4. ప్రాణంలోంచి మైనస్ 4 తీసేస్తే 4 పెరుగుతుంది. కొట్టినకొద్దీ ఎలుగు బలుస్తుంది. మ్యాక్స్ పెట్టి సున్నా కంటే తగ్గకుండా ఆపండి. అలా ఆపితే రెండు వైపులా కాపు ఎక్కువైనప్పుడు ఎవరూ చావరు, కాబట్టి 1 కి ఆపడం మేలు. ఏమైనా రౌండ్లకి 1000 అని ఒక హద్దు పెట్టి, దాటితే ఎర్రర్ ఇచ్చేలా రాయండి.

ఇన్ని చోట్ల ప్రాణాన్ని ముట్టుకుంటే కాపలా కాయలేం. ‘దెబ్బతిను’ అని ఒక్క మెథడ్ ఉండాలి, కత్తి దెబ్బా విషమూ మంటా అన్నీ దానిగుండానే రావాలి. ప్రతి వంతు చివర ‘సరిచూడు’ అని ఒక ఫంక్షను నడవాలి: ప్రాణం పూర్ణాంకమేనా, 0 కీ గరిష్ఠానికీ మధ్య ఉందా, రౌండు ముగిశాక బరిలో సున్నా ప్రాణం ఎవరికైనా ఉందా. ఇవి తప్పితే అక్కడే ఆగిపోవాలి. అప్పుడు ఎనిమిదిలో కాక ఏడులోనే దొరుకుతుంది. అసర్ట్ వాడొచ్చు, కాని పైథాన్‌ని పెద్ద ఓ ఆప్షన్‌తో నడిపితే అసర్ట్‌లన్నీ మాయమవుతాయి, గుర్తుంచుకోండి.

ఏడో రౌండు లోపలికి దిగి చూడాలంటే, రౌండు 7 అయితే బ్రేక్‌పాయింట్ అని ఒక ఇఫ్ రాయండి, ప్రోగ్రాము అక్కడ ఆగి మీ మాట కోసం చూస్తుంది. 3.7 నుంచీ ఏదీ ఇంపోర్ట్ చేయనక్కర్లేదు. అక్కడ ఎన్ నొక్కితే తర్వాతి లైను, ఎస్ నొక్కితే మెథడ్ లోపలికి, పి తర్వాత పేరు ఇస్తే విలువ, డబ్ల్యూ అంటే ఎక్కడున్నాం, సి అంటే సాగిపో. ఈ ఐదూ చాలు.

[సభలోంచి: వెయ్యి పోర్లు నడిపితే పులి 530 గెలిచింది సార్. రెండు వైపులా ఒకే బలం. తప్పున్నట్టా, లేనట్టా?]

రెండు వైపులా ఒకే బలం పెట్టి చూడటం చాలా మంచి పరీక్షమ్మా, అందరూ చేయాలి. నిజమైన అవకాశం సగం అయితే వెయ్యి పోర్లలో 470 నుంచి 530 వరకు పాచిక వల్లే ఊగుతుంది, నూటికి 95 సార్లు ఆ మధ్యే ఉంటుంది. నీది సరిగ్గా అంచున ఉంది, ఏమీ చెప్పలేం. 10,000 నడుపు. అప్పుడు ఊగిసలాట రెండు వైపులా ఒక్క శాతమే. అప్పటికీ 53 శాతం వస్తే తప్పు ఉన్నట్టే. అప్పుడు మొదట వేగం చూడు. వేగం సమానమైతే సార్టెడ్ పాత వరసను మార్చదు, కాబట్టి లిస్టులో ముందు ఉన్నదే ఎప్పుడూ ముందు కొడుతుంది. ప్రాణం 30, దెబ్బ 10, పాచిక లేదు అనుకుంటే ముందు కొట్టినది పదికి పది గెలుస్తుంది. సార్ట్ చేసే ముందు పాచికతో కలిపేస్తే ఆ పక్షపాతం పోతుంది. ఇంకోటి, ప్రతి పోరుకీ జంతువులను కొత్తగా పుట్టిస్తున్నావా? లిస్టు కాపీ చేస్తే సరిపోదు, లోపల అవే జంతువులు ఉంటాయి, మొదటి పోరు గాయాలతోనే రెండో పోరుకి దిగుతాయి. పుట్టించే ఫంక్షను ఒకటి రాసి ప్రతిసారీ దాన్నే పిలువు.

తెలుగు పేర్ల చిక్కు చెబుతానన్నాను. మన కీబోర్డుల్లో పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా ఉండటానికి, కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది. వేరియబుల్ పేరులో అది ఉంటే పైథాన్ ఒప్పుకోదు, కనిపించని అక్షరం ఉందని ఎర్రర్ ఇస్తుంది. అది మేలు. కొటేషన్లలో ఉన్న పేరులో ఉంటే మాత్రం ఏమీ అనదు. పొల్లుతో ముగిసే పేరును ఒక ఫైల్లో చివర ఆ అక్షరంతో, ఇంకో ఫైల్లో అది లేకుండా రాస్తే, స్క్రీను మీద రెండూ ఒకటే, ఈక్వల్స్ ఈక్వల్స్ మాత్రం ఫాల్స్. పొడవు కూడా కంటి లెక్క కాదు: పులికి లెన్ అడిగితే 4 అంటుంది, గుణింతపు గుర్తులు విడిగా లెక్క. అందుకే లాగ్‌లో వరసలు కుదరకుండా జరిగి కనిపిస్తాయి. పేర్లు రెండూ ఒకటేనా అని అనుమానం వస్తే ప్రింట్ కాకుండా ఆస్కీ ఫంక్షనుకి ఇచ్చి చూడండి, ప్రతి అక్షరం కోడ్ సంఖ్యా బయటపడుతుంది, దాక్కున్నది కూడా.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఇద్దరిద్దరు కూర్చోండి, ముందు సీడ్ పెట్టి మూడు సార్లు నడిపి లాగ్ ఫైళ్లు మూడూ ఒకటేనా చూడండి. కాకపోతే చెయ్యెత్తండి, నేను వస్తాను.